పిచ్చిరాజు చేయరాని పనులు

పోయిన వారం ఒక కుర్ర రచయిత తన నవల రాతప్రతి నా బల్ల మీద పెట్టి, ముందుమాట రాయమని అడిగి వెళ్లాడు. అందులో ఒక పిచ్చిరాజు ఉన్నాడు. మూడో పేజీలో సింహాసనం ఎక్కుతాడు, నాలుగో పేజీలో వికటంగా నవ్వుతాడు, ఐదో పేజీ నుంచి తలలు నరికిస్తాడు. నేను సగం చదివేసరికి ఆ రాజ్యంలో తల ఉన్నవాళ్లం మంత్రీ, నేనూ మిగిలాం. మొన్న మళ్లీ వస్తే అతన్ని గుమ్మంలోనే ఆపి, "ఇలాంటి రాజును ఎక్కడైనా చూశావా నాయనా?" అని అడిగాను. "లేదండి, చదివాను" అన్నాడు. నిజాయితీపరుడే. ఆ వయసులో నేనూ చదివే రాశాను. కాకపోతే రాసిన నెల తిరక్కుండానే ఒకర్ని దగ్గర్నుంచి చూసే అదృష్టం నాకు పట్టింది.

అవి యుద్ధం రోజులు. విజయనగరంలో బి.ఏ. చదువుతున్న నేను వేసవి సెలవులకు మా మావ ఇంటికి వెళ్లాను. భావనపాడుకు రెండు కోసుల ఇవతల ఊరు. సముద్రం దగ్గర కాబట్టి చీకటి పడ్డాక దీపం బయటికి కనబడకూడదని ఆంక్ష. దానివల్ల ఆ ఏడు ఆ ఊరి నాటకం మిట్టమధ్యాహ్నం ఆడాలని పెద్దలు తీర్మానించారు. నాటకం నాది. రాజు వేషం మావది. ఆ రాజుది ఏ దేశమో నాకూ తెలియదు. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి కిరీటం, పురాణాల్లోంచి మీసం, మా లెక్కల మేష్టారి దగ్గర్నుంచి గొంతు తెచ్చి కుట్టిన బొంత ఆయన. మావకు చదువు రాదు. నేను ఒకసారి చదివితే పట్టేసి, ఎడ్లను అదిలించే గొంతుతో అప్పగించేవాడు. ఎడ్లు కూడా శ్రద్ధగా వినేవి.

మావ దున్నుకునేది జమీందారు భూమి. కాగితం లేని సాగు. దొరవారు వద్దంటే ఆ పూటే గట్టు దిగాలి. ఆ దొరవారి బండి ఎదురైతే చెప్పులు చేతికి రావాలి, గొడుగు ముడవాలి, తలమీది తువ్వాలు తీసి నడుముకు బిగించాలి. ఎండైనా వానైనా ఆయన ఎదుట తలలు బోసిగా ఉండాలి. ఆ ఊళ్లో ఈ సంగతి పిల్లలకు నడకతో పాటే నేర్పేవారు.

నాటకంలో పిచ్చిరాజు ఉన్నాడన్న కబురు దొరవారి కచేరీకి చేరింది. మర్నాడు పొద్దున్నే శిస్తు వసూలు చేసే అమీను ఒక కాగితం పట్టుకుని మావ కళ్లంలోకి దిగాడు. చదువుకున్నవాణ్ణని ఆ కాగితం నా చేతికిచ్చాడు. పైకి చదివాను. రాజు వేషధారి ఎడమకన్ను అదే పనిగా కొట్టుకోరాదు. పులుసులో ముల్లు తగిలిందని వంటవాణ్ణి ఎండలో నిలబెట్టరాదు. ఉరిమిందని మబ్బు మీదికి తుపాకీ పేల్చరాదు. కాపు తగ్గిందని మామిడిచెట్టును కొరడాతో కొట్టించరాదు.

వీటిలో ఒక్కటీ నా నాటకంలో లేదు. నా రాజుకు మామిడితోటే లేదు.

"దొరవారు సొయంగా వస్తన్నారు. ఇందులో ఒక్కటి సేసినా నీ పొలం నీది కాదు, తెలిసిందా?" అన్నాడు అమీను.

మావ చేతులు కట్టుకుని, "అయ్యో బాబూ, ఇలాటి పన్లు ఏ రాజు సేస్తాడు?" అన్నాడు.

అమీను కాగితం అక్కడే వదిలేసి వెళ్లాడు. సంతకం మాత్రం ముచ్చటగా ఉంది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మావ, "ఒరే అల్లుడా, నీ నాటకం పక్కనెట్టు. ఆ కాయితం మళ్లీ సదువు" అన్నాడు. అత్తకు అర్థమైపోయింది. గరిటె కింద పెట్టింది.

"పొలం ఎల్లిపోతే ఏటి తింటావయ్యా? కిరీటం ఉడకబెట్టుకుని తింటావేటి?"

మావ మెతుకులు కెలికాడు. "మామిడిసెట్టుని కొట్టమన్న రోజున ఆ కొరడా ఇచ్చింది నా సేతికేనే. సెట్టుకి దండం ఎట్టుకుని కొట్టినాను. పూత రాలిపోనాది. ఇంటికొచ్చి నీకు సెప్పుకోలేదు."

అత్త గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. అతని పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. మా ఇళ్లలో అనుమతి పత్రాలు అలాగే ఉండేవి.

నాటకం రోజున దొరవారు పందిరి కింద కుర్చీలో, ఊరు ఊరంతా ఎండలో. తువ్వాళ్లన్నీ నడుములకే ఉన్నాయి. పగటి వెలుతురులో ప్రతి ముఖమూ కనబడుతోంది. ఎవరు నవ్వుతారో చూడ్డానికి అమీను దొరవారి పక్కన నిలబడ్డాడు. మావ కిరీటం పెట్టుకుని వచ్చి, దణ్ణం పెట్టి, ఎంతో వినయంగా మొదలెట్టాడు.

"పెజలారా! నేను మంచి రాజుని. నా ఎడంకన్ను అదే పనిగా కొట్టుకోదు."

సరిగ్గా అప్పుడే పందిరి కింద ఎడమకన్ను ఒకటి కొట్టుకుంది.

"పులుసులో ముల్లు తగిల్తే తీసి అవతల పడేస్తాను. వొంటోణ్ణి ఎండలో నిలబెట్టను. మబ్బు ఉరిమితే గొడుగు తెమ్మంటాను, తుపాకీ తెమ్మనను. మామిడిసెట్టు కాయలేదనుకో," అని ఆగాడు. "దాన్ని కొట్టను. ఎవుడి సేతా కొట్టించను."

ఆడవాళ్ల వైపు నుంచి మొదట వినిపించిన నవ్వు మా అత్తది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. వెంటనే ముందు వరసలో ఒక ముసలాయన నడుముకున్న తువ్వాలు విప్పి, తలమీద వేసుకుని, ముఖం మీదికి లాక్కున్నాడు. అతని వెనక మరొకడు. రెండు నిమిషాల్లో ముఖాలు మాయమయ్యాయి. దొరవారి ఎదుట తువ్వాళ్లన్నీ తలలకెక్కి, గాలి లేకుండానే ఊగుతున్నాయి.

"తువ్వాళ్లు తియ్యండ్రా!" అని అరిచాడు అమీను.

"ఎండ బాబూ," అంది ఒక తువ్వాలు.

దొరవారు లేచి నిలబడ్డారు. "ఎవడు రాసినాడ్రా ఇది?"

నా కాళ్లు నా అనుమతి లేకుండానే వెనక్కి నడిచాయి. మావ కదల్లేదు. "తమరి కచేరీవోరే బాబూ. కింద సంతకం కూడా ఉన్నాది."

కథల్లో అయితే పిచ్చిరాజు ఇక్కడ కత్తి దూస్తాడు, లేదా చస్తాడు. మా రాజు బండెక్కి వెళ్లిపోయాడు. మరుసటి ఉగాదికి పొలం పోయింది. నీటి తగువని కారణం రాశారు, అసలు కారణం రాస్తే దాని కింద సంతకం పెట్టేవాడు దొరకలేదని విన్నాను. మావ గోనెసంచుల మిల్లులో కూలికి వెళ్లాడు. జమీందారీలు పోయాక తిరిగొచ్చి వేరే పొలం చెక్క దున్నాడు. ఎలా బతికారని ఎవరైనా జాలిపడితే అత్త ఊరుకునేది కాదు. "కిరీటమే ఉడకబెట్టుకుని తిన్నాం. ఉప్పు సరిపోనాది" అనేది.

ముందుమాటలో ఆ కుర్రవాడికి ఒకే సలహా రాశాను. పిచ్చిరాజు నవ్వడు, నవ్వంటే భయపడతాడు, అంచేత నాలుగో పేజీలో నవ్వు తీసి జనానికి ఇమ్మని. దొరవారి కచేరీ గోడ ఇప్పుడు మొలబంటి కూడా లేదు. దాన్ని కూల్చిన కాలం ఆ మధ్యాహ్నం మా వెనక వరసలోనే, తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చుని నవ్వి ఉంటుంది.