చచ్చిన కాలేజీలో మా అత్త

మా అత్తకు చివరి రోజుల్లో మతి చలించిందని మా ఊళ్ళో అందరూ అంటారు. నా పిల్లలూ అదే నమ్ముతారు. మద్రాసులో ఒక బొమ్మను చూసి కూతురనుకుందట. ఆ బొమ్మ పోయిందని తెలిసి బావి దగ్గర నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుందట. అప్పటినుంచీ మనిషి మనిషిలో లేదట. ఇందులో నీళ్ళు పోసుకోవడం వరకే నిజం. మతి చలించడం అబద్ధం. బొమ్మ పోవడం అంతకంటే పెద్ద అబద్ధం. అది చెప్పింది నేను. ఆమె వెళ్ళిపోయింది. నేనుండగానే ఉన్నదున్నట్టు రాసి పెట్టడం నా బాధ్యత.

అత్తంటే మా నాన్న చెల్లెలు. ఆమె ఒక్కగానొక్క కూతుర్నే నాకిచ్చి చేశారు. మాది పర్చూరు దగ్గర నల్లరేగడి పల్లె. పెళ్ళయిన రెండో ఏడు, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, నా భార్యకు తొలికాన్పు కష్టమైంది. బండి కట్టి చీరాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు కూడా ఫోటోలు తీయించేవాళ్ళు కాదు. ఆ పిల్ల ముఖం ఎక్కడా మిగల్లేదు. మామయ్య అంతకుముందే పోవడంతో అత్త మా ఇంటికి వచ్చి ఉండేది. సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకు ఒకరోజు నాతో అంది, "ఒరే, దాని కళ్ళు గుర్తున్నాయి. ముక్కు గుర్తుంది. రెండూ కలిపితే అది రావడం లేదురా."

తర్వాత ఆమెకు చూపు మసకబారింది. మద్రాసులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చీరాలలో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి మద్రాసు, సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. డాక్టరు చూసి, అద్దాలు తెచ్చుకునేసరికి మధ్యాహ్నమైంది. ఇంకా పొద్దు ఉంది. మద్రాసు వెళ్ళిన మా వైపువాళ్ళు తప్పకుండా చూసొచ్చేవి రెండు, బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ. జంతువుల తోట మొదటిది, మ్యూజియం రెండోది. మ్యూజియం ఆసుపత్రికి దగ్గరని అక్కడికే తీసుకెళ్ళాను. "చచ్చినవాటిని చూడ్డానికి ఇంత దూరం రావాలట్రా, మన ఊళ్ళో లేవూ?" అంటూనే కొత్త అద్దాలతో తిమింగలం ఎముకలూ, గడ్డి కూరిన పులీ అన్నీ చూసింది. చివరికి బొమ్మలు వేలాడదీసిన హాల్లోకి వెళ్ళాం.

అక్కడ నిలువెత్తు నూనెరంగుల బొమ్మ ఒకటి ఉంది. తలంటుకున్న అమ్మాయి జుట్టు ఆరబోసుకుని గడప మీద నిలబడి ఉంది. ఎర్ర అంచు తెల్లచీర. వెనకనుంచి ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టు ఉంది. అత్త దాని ముందు ఆగిపోయింది. "ఇక్కడున్నావా," అంది, నాతో కాదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "చూడరా, పిలిస్తే ఇట్లాగే గదా తిరిగేది," అంది.

నాకు పోలిక కనబడలేదు. నా భార్య చామనఛాయ, బొమ్మలో పిల్ల పసుపు పూసినట్టు పచ్చగా ఉంది. గడ్డం దగ్గర ఏదైనా ఉంటే ఉందేమో. అయినా అవునన్నాను. అది ఎవరో గీసిన బొమ్మ అని అత్తకు బాగా తెలుసు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళు గమనించాలి. "ఎవరి పిల్లో, వాళ్ళమ్మ చల్లగా ఉండాలి," అని కూడా అంది.

ఆ తర్వాత ఏటా మిరపకాయలు గుంటూరులో అమ్ముడుపోయాక మేమిద్దరం మద్రాసు వెళ్ళొచ్చేవాళ్ళం. పులిహోర మూట కట్టుకునేది. స్టేషన్లో ముఖం కడుక్కుని, బొట్టు లేని ఆ ముఖాన్నే అద్దంలో చూసుకుని మరీ తల దువ్వుకునేది. తలుపులు తీసే వేళకు గుమ్మం దగ్గర ఉండేవాళ్ళం. బొమ్మ ఎదుట గోడవారగా నేలమీద చతికిలబడి, ఆ ఏటి కబుర్లన్నీ చిన్న గొంతుతో చెప్పేది. ఏ గేదె ఈనిందీ, తోటకు బొబ్బర తెగులు ఎట్లా తగిలిందీ, నేను సరిగా తింటున్నదీ లేనిదీ. అక్కడి కాపలా అరవాయన మొదట్లో లేవమనేవాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో "అమ్మ ప్రార్థనా?" అని నన్నడిగాడు. అవునన్నాను. ఇక ఏమీ అనలేదు.

నేను హాలు రెండో చివర ఇంకో బొమ్మ దగ్గర నిలబడేవాణ్ణి. ఎండిన ఏరు, ఇసుకలో సగం కూరుకుపోయిన పడవ. ఆ బొమ్మంటే నాకిష్టమని అత్త అనుకునేది. ఇష్టం లేకపోలేదు. కానీ అక్కణ్ణుంచి అయితే ఆమె మాట్లాడుతున్న బొమ్మ కనబడదు. అందుకే అక్కడ నిలబడేవాణ్ణి.

నాకు రెండో సంబంధం చూసింది అత్తే. ఇంకెన్నాళ్ళురా ఈ ఒంటి బతుకు అని పోరి పోరి ఒప్పించింది. రెండో పెళ్ళి భార్య మెడలో, పోయిన సవతి పేరున చిన్న బంగారు బిళ్ళ కట్టడం మా వాళ్ళ ఆచారం. దాని మీద ఆడమనిషి రూపు ఒకటి అచ్చొత్తి ఉంటుంది. కంసాలి చేసి తెచ్చినదాన్ని అత్త అద్దాల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "దీనికి ముక్కూ మొహమూ ఏదిరా? ఈ పిల్ల ఎవరనుకుని దణ్ణం పెట్టుకుంటుంది? ఒకసారి తీసుకెళ్ళి చూపించుకొద్దాం," అంది.

ఆ ఏడు ముగ్గురం వెళ్ళాం. నా భార్యకు అప్పుడు మూడో నెల. బొమ్మ ముందు ఆమెను నిలబెట్టి, నుదుట కుంకం పెట్టి, దణ్ణం పెట్టించింది అత్త. "నీ చెల్లెలమ్మా. నీళ్ళోసుకుంది. చల్లగా చూసుకో," అని బొమ్మకు అప్పజెప్పింది. తిరుగు ప్రయాణంలో నా భార్య మెడలో బిళ్ళను పిడికిట్లో పట్టుకునే కూర్చుంది.

నెల తిరక్కుండానే ఆ గర్భం పోయింది. సవతి కన్ను పడిందని మా రెండో అత్తగారు, అంటే ఈ భార్య తల్లి, మొహమ్మీదే అనేసింది. దయ్యాలు లేవని రచ్చబండ దగ్గర గొంతు చించుకుని వాదించేవాణ్ణి నేనే. అయినా ఆ మాట నాలో దిగబడింది. మరుసటి ఏడు మిరపకాయలు అమ్మేనాటికి నా భార్య మళ్ళీ కడుపుతో ఉంది.

"మీరు వెళ్తే వెళ్ళండి. అత్తయ్యగార్ని మాత్రం వెళ్ళనివ్వకండి," అంది. ఎందుకని అడిగాను. "ఆవిడ వెళ్తే చెప్పొస్తుంది, నాకు నెల తప్పిందని," అంది.

ఆయిలింజను సామాను కొనాలని వంక పెట్టి ఒక్కణ్ణే బయల్దేరాను. అత్తకు ఒళ్ళు వెచ్చగా ఉంది, రానని తనే అంది. నువ్వన్నా ఒకసారి కనబడిరా అని సాగనంపింది. నేను మ్యూజియం వైపే పోలేదు. దుకాణంలో సామాను కొనుక్కుని సాయంత్రం దాకా స్టేషన్లో బల్లమీద కూర్చున్నాను. ఏం చెప్పాలో అక్కడే ఆలోచించుకున్నాను. వేరే చోటికి మార్చారంటే ఎక్కడికని అడుగుతుంది, అక్కడికి తీసుకెళ్ళమంటుంది.

ఇంటికొచ్చేసరికి అత్త వాకిట్లో ఉంది. చూశావా అని అడిగింది.

"లేదత్తా. చెదలు పట్టిందంట. తగలబెట్టేశారు."

"ఎప్పుడు?"

"తెలీదు. ఈ ఏడే."

ఆమె పెరట్లోకి వెళ్ళి, బావిలోంచి నీళ్ళు తోడుకుని, కట్టుబట్టతో నెత్తిన పోసుకుంది. దహనమైందన్న కబురు వింటే ఎవరైనా చేసే పనే చేసింది. పది రోజులు మైల పట్టింది. వంటింట్లోకి రాలేదు, ఒంటిపూట తిన్నది. చుట్టుపక్కలవాళ్ళు ఏమైందని అడిగితే, "మా అమ్మాయి పోయింది," అంది. నీ కూతురు పోయి ఏళ్ళు కాలేదా అంటే మళ్ళీ అదే మాట అంది.

పిచ్చి అన్న మాట అక్కణ్ణుంచే పుట్టింది. పెద్దమనుషులు నన్ను పక్కకు పిలిచి ఏమిటి సంగతని అడిగారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. "మనసు బాగాలేదు లెండి," అన్నాను. కన్నకొడుకులా సాకుతున్నాడని నన్ను మెచ్చుకుని వెళ్ళారు.

కాన్పు బాగా జరిగింది, మగపిల్లాడు. తర్వాత ఆడపిల్ల. మనం చేసింది మంచిదే అయిందని నా భార్య అనేది, నేనూ అనుకునేవాణ్ణి. ఇద్దర్నీ అత్తే పెంచింది. బొమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒకరోజు అత్త వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బడినుంచి వచ్చిన మా వాడు ఆకలేసి, "పిచ్చమ్మమ్మా, ఏదన్నా పెట్టవే," అన్నాడు. బయట అందరూ అనేదే వాడూ అన్నాడు. అత్త నవ్వి, "పిచ్చిది పెడితే తింటావా మరి?" అంటూ లేచి, వాడి చేతిలో జంతికలు పెట్టి వచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను. వాడు వెళ్ళగానే ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను.

ఆమె తొడిమలు తీయడం ఆపలేదు. "చెదలు పట్టలేదా?" అంది.

"లేదు."

"తగలబెట్టలేదా?"

"నేనసలు లోపలికే పోలేదత్తా."

అప్పుడు తలెత్తింది. మిరపకాయల ఘాటుకో దేనికో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మరి నేను ఏడ్చింది ఎవరికిరా?" అంది.

క్షమించమని అడగలేదు. రేపే వెళ్దాం పద అన్నాను. వద్దనలేదు. మర్నాడు రాత్రి బండి ఎక్కాం. కూర్చున్నచోటే కూర్చుని, ఏమీ తినకుండా, కునుకైనా తీయకుండా వచ్చింది. దారి పొడుగునా ఒకటే భయం నాకు. ఇన్నేళ్ళలో నిజంగానే ఆ బొమ్మను తీసేసి ఉంటే?

బొమ్మ అక్కడే ఉంది, అదే గోడకు. కాపలా మనిషి మాత్రం మారాడు. అత్త కొంగుతో అద్దాలు తుడుచుకుని చూసింది. నేను ఈసారి పడవ దగ్గరకు పోలేదు, ఆమె పక్కనే నిలబడ్డాను. ఆమె చతికిలబడుతుందని ఎదురు చూశాను. కూర్చోలేదు.

"అదే గదత్తా," అన్నాను.

"బొమ్మ అదేరా." ఇంకా కొంచెం దగ్గరకెళ్ళి చూసింది. "పిల్ల కాదు."

"సరిగ్గా చూడు."

"చూశాను. ఎవరో పిల్ల. బాగుంది."

నేను వదల్లేదు. కళ్ళు చూడమన్నాను, ముక్కు చూడమన్నాను. పిలిస్తే తిరిగేది ఇట్లాగే అని నువ్వే అనలేదా అన్నాను. నా గొంతు హాలంతా వినబడి జనం ఇటు చూశారు. అత్త నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించింది. ఆ పూట మా ఇద్దర్నీ చూసినవాళ్ళు పిచ్చి ఎవరికని అనుకుని ఉంటారో చెప్పనక్కర్లేదు.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అరటిపళ్ళు కొనిస్తే ఒకటి తిన్నది. గూడూరు దాటాక ఉన్నట్టుండి, "నీకు గుర్తుందా అది ఎట్లా ఉండేదో?" అంది. "నాతో ఇరవై ఏళ్ళు పెరిగింది, నీతో రెండేళ్ళే ఉంది. అయినా మొగుడివి గదా. నువ్వు చెప్పరా."

చెబుదామని నోరు తెరిచాను. కళ్ళు మూసుకుని వెతికాను. తడిజుట్టుతో గడప మీద నిలబడ్డ పచ్చటి పిల్ల తప్ప ఎవరూ రాలేదు. నా భార్య చామనఛాయ అని మాత్రం తెలుసు.

"గుర్తు రావడం లేదత్తా," అన్నాను.

ఆమె తలూపి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.