చల్లని పాదాలు

నా చిన్నప్పుడు, నడివేసవిలో, భావనపాడు ఒడ్డున వట్టి కాళ్లతో మధ్యాహ్నమంతా ఇసుకలో నిలబడ్డాను. పాదాలు కాలలేదు సరికదా, ఎరుపైనా ఎక్కలేదు. టెక్కలి టీ కొట్లో ఈ మాట చెప్పినప్పుడల్లా కుర్రాళ్లు నా కాళ్లకేసి చూస్తారు. మా ఉద్దానం తీరంలో పుట్టిన ఒళ్లు ఎండకి లొంగదని, చంటిపిల్లలప్పుడే మమ్మల్ని ఇసుకలో పొర్లించి గట్టిపరుస్తారని కూడా కలుపుతాను.

ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. మధ్యాహ్నమంతా కాదు, అన్నం ఉడికినంత సేపు. పొర్లించడమూ లేదు, ఏమీ లేదు. పాదాలు కాలని మాట మాత్రం నిజం. ఎందుకు కాలలేదో టీ కొట్లో చెప్పను.

ఆ వేసవిలో మా మావయ్య కొడుకు, నా ఈడువాడే, మొదటిసారి మా ఊరొచ్చాడు. మావయ్యకి అరకులో ఉద్యోగం. బావ ఆ చలికొండల్లో పెరిగాడు. శుభ్రంగా దువ్వుకున్న తల, కాళ్లకి చెప్పులు. వచ్చీ రాగానే మా అమ్మ రోజూ నాకు వేసే పెద్ద చేప ముక్క వాడి కంచంలో వేసింది. నా కడుపు మండడానికి అది చాలు.

మర్నాడు పొద్దున్నించీ వాణ్ణి ఎండలో తిప్పాను. పడవల చుట్టూ పరుగులు పెట్టించాను. దాహమంటే ఇంటికెళ్లాక తాగొచ్చన్నాను. చివరికి చేపలు ఎండబెట్టే చోటికి తీసుకెళ్లి పందెం వేశాను. చెప్పులు విప్పి ఇసుకలో నిలబడాలి. ముందు చోటు వదిలినవాడు రెండోవాణ్ణి బతికినంతకాలం 'దొరా' అని పిలవాలి.

"కాలుతుంది బావా," అన్నాడు వాడు.

"కాలకపోతే పందెమేటి? బయమైతే ఎల్లి మాయమ్మ పక్కన కూకో."

వాడు నిలబడ్డాడు.

మా ఊళ్లో చేపలు తిరగేసే ఆడవాళ్లకి ఒక అలవాటుంది. నిలబడిన చోటల్లా మడమలతో ఇసుక తవ్వి, పాదాలు లోపలికి దింపుకుంటారు. పైన నిప్పులా ఉన్నా, కాస్త లోతుకి పోతే ఇసుక తడిగా, చల్లగా ఉంటుంది. ఆ సంగతి బావకి ఎవరూ చెప్పలేదు. నేను కబుర్లు చెబుతూనే చీలమండల దాకా దిగిపోయాను. వాడు పళ్లు బిగించి, ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మారుతున్నాడు.

కాసేపటికి మారడం మానేశాడు. అలవాటు పడిపోయాడనుకుని నాకు ఒళ్లు మండింది. వాడు ఏదేదో మాట్లాడుతూ నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచాడు. నవ్వాను. నేను నవ్వుతుండగానే పడిపోయాడు.

నా కేక విని, చేపలు తిరగేస్తున్న పక్కింటి అత్త పరిగెత్తుకొచ్చింది. చెయ్యి తిరగేసి వాడి మెడ తాకింది.

"ఓలమ్మో! ఒళ్లు పెనంలాగ కాల్తంది, సెమట సుక్క నేదు. సెమట ఆగిపోనాదంటే మనిసి దక్కడ్రా!"

వాణ్ణి పడవ నీడలోకి ఈడ్చింది. ఎవరో నోట్లో నీళ్లు పొయ్యబోతే, తెలివి లేనివాడికి పొరబోతుందని చెయ్యి తోసేసింది. కొంగు తడిపి తడిపి ఒళ్లంతా తుడిచింది, చేపల బుట్ట మూతతో విసిరింది. నేను బిందెతో నీళ్లు మోశాను. పరుగులో సగం దారిలోనే ఒలికిపోయాయి. చాలాసేపటికి వాడి నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడు అత్త లేచి మేం నిలబడ్డ చోటికి వెళ్లింది. బావవి ఉత్త అడుగులు. వాటి పక్కన నావి రెండు గోతులు, నల్లగా, తడిగా. ఆవిడ వాటిని చూసింది. అంతలో మా అమ్మ కర్ర పట్టుకుని రావడం కనిపించింది. అత్త తన పాదాలు నా గోతుల్లో పెట్టి, రోజూ నిలబడేలాగే నిలబడింది.

"ఎవుడు తెచ్చినాడీణ్ని ఎండలోకి?" అంది అమ్మ.

"కొండల మీద పెరిగిన ఒళ్లు వదినా, మన ఎండ అలవాటు అవ్వాలంటే రోజులు పడతాది. నీ కొడుకు కేకేసినాడు గనక దక్కినాడు."

అమ్మ కర్ర పారేసి నా తల నిమిరింది. వాళ్లు బావని మోసుకెళ్లాక, అత్త నాకేసి తిరిగి ఒక్క మాట అడిగింది.

"పాదాలు సల్లగున్నాయేట్రా?"

తిట్టలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆ సాయంత్రం బావ ఉప్పు కలిపిన గంజి తాగి, "నువ్వే గెలిచావు దొరా," అన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా కంచంలో పెద్ద చేప ముక్క వేసింది. నోరు మూసుకుని తిన్నాను.

బావ ఇప్పుడు పలాసలో ఉంటున్నాడు. నలుగురిలోనూ నన్ను దొరా అనే పిలుస్తాడు. తన ఒళ్లే చేతకానిదని నమ్మి, గొడుగు లేకుండా గడప దాటడు. అత్త పోయింది. ఆ గోతుల సంగతి ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఎండలో ఎవరు పక్కన నిలబడ్డా, నా చెయ్యి దానంతటదే తిరగబడి వాళ్ల మెడ తాకి చూస్తుంది, చెమట ఉందో లేదోనని.

మొన్న పలాస స్టేషన్ బయట బావ మెడా అలాగే తాకాను. తడిగానే ఉంది.

"ఏటి దొరా, ముసలితనంలో ముద్దొస్తన్నానా?" అని నవ్వాడు.

ప్రేమ అనుకున్నాడు. అనుకోనిచ్చాను.