చిన్నమ్మ కుట్టిన సంచులు

మంగళవారం పొద్దున దీపం పెడుతుంటే జగిత్యాల నుండి చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. చాయ తాగి ఒరిగింది, గంతే" అన్నాడు. దేవుని ముందరే కాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నిండుగా బతికిన మనిషి.

ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పని మాత్రం జగిత్యాలలో ఒక గది నిండా ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

చిన్నమ్మ సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టింది. చదువు లేదు, చిన్నప్పటి నుండి మగ్గానికి నూలు కండెలు చుట్టింది. పెళ్లయి జగిత్యాల వచ్చాక, పురావస్తు శాఖవాళ్లు గోదావరి ఒడ్డున పాత దిబ్బ తవ్వుతుంటే కూలికి పోయింది. బయటపడ్డ కుండపెంకులు కడిగి, ఎండబెట్టి, సంచుల్లో పొయ్యడం ఆమె పని. గట్టిగా రుద్దేవాళ్లను చూస్తే ఊరుకునేది కాదు. "గిన్నె తోముతున్నవానే? గీతలు పోతయి, మెల్లగ" అనేది.

సంచులు కూడా తనే కుట్టేది. అన్నదమ్ముల మరమగ్గాల దగ్గర మిగిలిన పాలిస్టర్ ముక్కలు పుట్టింటి నుండి తెచ్చుకునేది. తవ్వించే సారు ఏ గుంత, ఏ పొర అని కాగితం మీద రాసి సంచిలో వేసేవాడు. చిన్నమ్మకు చదవరాదు కాబట్టి తన గుర్తు తను పెట్టుకుంది. గుంతకొక రంగు దారం, పొరకొక ముడి. పై పొరకు ఒకటి, దాని కింది దానికి రెండు. "సారు రాసింది సారుకు, నేను ముడేసింది నాకు" అనేది. కోరుట్లలో మా ఇంటికి వచ్చినా పప్పుల సంచులకు ముడులు వేసి పోయేది. కందిపప్పుకు ఒకటి, పెసరపప్పుకు రెండు.

తవ్వకం ఆగిపోయింది. సంచులు ఏండ్ల తరబడి జగిత్యాలలోని ఆ గదిలోనే ఉన్నాయి. నిరుడు ఆ శాఖ నుండి ఒక మేడం వచ్చి, అన్నింటికీ ఫోటోలు తీసి కంప్యూటర్‌లో ఎక్కించాలని గది తెరిస్తే, లోపలి కాగితాలను చెదలు తినేశాయి. పాలిస్టర్‌ను ముట్టలేదు. ఏ పొరలో ఎన్ని పెంకులు దొరికాయో రాసిన నోటుబుక్కు ఇనుప బీరువాలో బాగానే ఉంది. కానీ ఏ సంచి ఏ గుంతదో చెప్పేవాళ్లు లేరు. ఎక్కడ దొరికిందో తెలియకపోతే పెంకు ఉత్త పెంకే. అన్నింటికీ 'చోటు తెలియదు' అని రాయబోతుంటే, ముసలి వాచ్‌మన్ చిన్నమ్మను యాది చేశాడు.

అప్పటికి ఆమెకు చూపు మందగించింది. నేను రోజూ కోరుట్ల నుండి బస్సులో పోయేదాన్ని. రంగు నేను చెబితే ముడులు ఆమె వేళ్లతో లెక్కపెట్టేది. కెమెరా లైట్లు చూసి, "కుండపెంకులకు పెండ్లి ఫోటోలా మేడం?" అని నవ్వింది.

నాలుగో రోజు ఒక సంచిలో పిట్ట గీసిన పెంకు వచ్చింది. ఎర్ర దారం, ఆరు ముడులు. అంటే అట్టడుగు పొర, అన్నింటికన్నా పాతది. మేడం ముఖం వెలిగిపోయింది. చిన్నమ్మ మాత్రం సంచి అంచు మళ్లీ మళ్లీ తడిమింది.

"ఆగు మేడం. గీ సంచి ఎలుక కొరికితే నేను తర్వాత అతికిన. చేతికి దొరికిన దారం ఏసిన. ముడులు పాతవి చూసి ఏసిన్నో, అందాద ఏసిన్నో యాదికి లేదు."

మేడం పక్కన రాసుకుంటున్న ఆమె పైఅధికారి, పెద్ద సారు, పెన్ను కింద పెట్టాడు. "ఒక్కటి గిట్లున్నదంటే మిగతాయి ఎట్ల నమ్మాలమ్మా?"

నేను చిన్నమ్మ వైపు వంగాను. "ఎవరన్న అడిగిండ్రా నిన్ను?" అన్నాను చెవిలో.

"అడగకున్నా చెప్పాలె బిడ్డా. కొన్నేండ్లయితే అడిగెటందుకు నేనుండ."

మేడం నోటుబుక్కు తెచ్చింది. ప్రతి సంచీ విప్పి, పెంకులు లెక్కపెట్టి, చిన్నమ్మ చెప్పిన పొరకు నోటుబుక్కులో ఉన్న లెక్కతో సరిచూశారు. రెండు రోజులు పట్టింది. చిన్నమ్మ వరండాలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని రామనామం చెప్పుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం పెద్ద సారు బయటికి వచ్చాడు. "లెక్క కుదిరిందమ్మా. మా కాగితాల కన్న నీ దారాలే నయం" అన్నాడు.

"మరి పిట్ట సంగతేంది సారూ?"

"ఆ సంచి ఒక్కటే ఏ పొర లెక్కకూ కుదరలేదు. తెల్వదనే రాస్తున్నం."

"గట్లనే రాయిండ్రి" అని లేచింది. దారి పొడుగునా మిర్చి బజ్జీల ముచ్చటే, ఈ మాట మళ్లీ ఎత్తలేదు.

చిన్నమ్మ దినాల నాడు మేడం వచ్చింది. తన కంప్యూటర్‌లో ఆ పిట్ట పెంకు సంచి ఫోటో చూపించింది. కింద రెండే ముక్కలు: 'చోటు తెలియదు. సంచి కుట్టినామె చెప్పిన మాట.'

"చెయ్యి అడ్డమొచ్చిందని మళ్లీ తీద్దామనుకున్న. తియ్యబుద్ధి కాలేదు" అన్నది.

ఫోటోలో ఒక పక్క నుండి ముడతలు పడ్డ చూపుడు వేలు వచ్చి, గోరంచున ఎర్రమన్నుతో, ఆ అతుకు మీద ఆనించి ఉంది.