లమ్‌దువన్ పెద్దమ్మ తిట్లు కలిపిన సినిమా

మా సందు మొదట్లో అరటిపండు బజ్జీలు వేసే లమ్‌దువన్ పెద్దమ్మ ఒక సినిమా బాగుందంటే బాగున్నట్టే. మా ఊరు నఖోన్ సవన్‌లో కోరిక తీరినవాళ్ళు నది ఒడ్డు గుడి ముందు తెర కట్టించి అమ్మవారికి సినిమా వేయిస్తారు. ముందు వరసలో ఎర్రగుడ్డ పరిచిన కుర్చీ అమ్మవారిది, పక్కన నైవేద్యంగా స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా. వెనక మనం కూర్చున్నా ఒకటే, కూర్చోకపోయినా ఒకటే. అమ్మవారికి ఏ సినిమా నచ్చుతుందో చెప్పే బాధ్యత పెద్దమ్మది.

పదహారో ఏట ఆవిడ ఊరూరా తిరిగే సినిమా బండిలో చేరింది. అప్పటి రీళ్ళలో మాటలుండేవి కావు. తెర పక్కన మైకు పట్టుకుని నాయికకీ, అత్తగారికీ, దొంగలరాణికీ తనే గొంతిచ్చేది. "నాతో నేనే జుట్టూ జుట్టూ పట్టుకుని పోట్లాడేదాన్ని" అని ఇప్పటికీ నవ్వుతుంది. మాటలున్న రీళ్ళు వచ్చాక మైకు వదిలి మూకుడు పట్టింది. ఆ బండి నడిపిన చరూన్ మాత్రం ఇంకా తెర మోసుకుని తిరుగుతూనే ఉన్నాడు.

ఒక గురువారం చరూన్‌తో పాటు రత్తికాన్ బజ్జీల బండి దగ్గరికొచ్చింది. మా ఎదురింటి పిల్ల. మొహం వాడిపోయి ఉంది.

"నర్సు పరీక్ష పాసైతే, ఈ ఏడు దేశంలో పెద్ద బహుమతి వచ్చిన సినిమా వేయిస్తానని మొక్కాను పెద్దమ్మా."

"పాసయ్యావుగా! ఏడుపెందుకే?"

"బహుమతి దెయ్యం సినిమాకొచ్చింది."

పెద్దమ్మ చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. మా అమ్మవారు ఒకప్పుడు ఇదే నదిలో పడవ నడిపి, ఇక్కడే మునిగి చనిపోయిన మనిషి. ఆవిడ ముందు దెయ్యం సినిమా ఎవరూ వేయరు. మొక్కిన మాటేమో మార్చకూడదు. సోమవారం రత్తికాన్ ఉత్తరాన ఆసుపత్రిలో చేరాలి. మొక్కు తీరకుండా ఈ ఊరు దాటితే, చేతిలో సూది పట్టుకున్నప్పుడల్లా ఆ పిల్లకి అదే గుర్తొస్తుంది.

"బహుమతి ఇచ్చినవాళ్ళకి ఇంకేం దొరకలేదా?" అన్నాడు చరూన్.

"చూడకుండా తిట్టకు అన్నా. ముందు నన్ను చూడనీ" అంది పెద్దమ్మ.

మర్నాడు పొద్దున బజ్జీల బండి మూసి, చరూన్ ఇంట్లో గోడ మీద వేయించుకుని చూసింది. రెండుసార్లు. తర్వాత మమ్మల్ని వెంటబెట్టుకుని గుడికెళ్ళి, అమ్మవారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"అమ్మా, భార్య చనిపోయింది. అయినా వానొచ్చినప్పుడల్లా వచ్చి తీగ మీద ఆరేసిన బట్టలు తీసి మడత పెడుతుంది. మొగుడికి అది తెలిసి, మబ్బు పడితే చాలు, ఉతికినవీ ఉతకనివీ అన్నీ ఆరేస్తాడు. అది నాకు నచ్చింది. వాన శబ్దం ఎంత బాగా తీశారో! కానీ ఆ భార్య మూడేళ్ళు తడిబట్టలు మోసి ఒక్క మాటన్నా అనదు. ఏ ఇంట్లో ఉంటుందమ్మా అలాంటి పెళ్ళాం? చివర్లో ఇరుగుపొరుగు మంత్రగాణ్ణి తెస్తే మొగుడు గుడ్లప్పగించి చూస్తాడు. ఈవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. వేయమంటావా?"

అమ్మవారి జవాబు చెప్పే అర్ధచంద్రాకారపు చెక్కలు రెండూ నేల మీదికి వదిలింది. రెండూ బోర్లా పడ్డాయి. వద్దని. రత్తికాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్దమ్మ చెక్కలు ఏరుకుని అమ్మవారి మొహంకేసి చూసింది. "నాకు మండిన చోటే నీకూ మండిందన్నమాట. పోనీ, చివర్లో ఆవిడ తరఫున నేను మాట్లాడనా?"

ఈసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. సరేనని.

"ముప్పై ఏళ్ళయింది నువ్వు మైకు పట్టి" అని గొణిగాడు చరూన్.

"నీ యంత్రానికీ అంతే వయసు. నడవట్లేదూ?"

ఆదివారం సాయంత్రం సందంతా వచ్చింది. తెర మీద వాన మొదలైతే చిన్నపిల్లలు తల మీద చేతులు పెట్టుకున్నారు. మంత్రగాడు రాగానే చరూన్ శబ్దం తగ్గించాడు. తెర మీది భార్య దణ్ణం పెట్టడానికి చేతులు జోడించింది. మైకులోంచి పెద్దమ్మ గొంతు పదహారేళ్ళ పిల్లలా లేచింది.

"వెళ్తానయ్యా, వెళ్తాను! ముందు ఆ లుంగీ ఎవడు తీస్తాడు? చచ్చి మూడేళ్ళయినా నీ చాకిరీ తప్పలేదే! బట్టల కోసమనుకున్నావా వచ్చింది? మబ్బు పట్టినప్పుడు నువ్వు ఆకాశంకేసి చూసే చూపు కోసం వచ్చాను. ఏవయ్యా మంత్రగాడా, నీ చొక్కాకి బొత్తాం ఊడింది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

తెర మీద అతని బొత్తాం నిజంగానే ఊడి ఉంది. నవ్వులకి కుర్చీలు కదిలాయి. మా వెనక ఒక ముసలాయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది.

సినిమా అయ్యాక రత్తికాన్ చెక్కలు వదిలింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మొక్కు ముట్టింది. పిల్ల వచ్చి పెద్దమ్మ మెడకి చుట్టుకుంది.

"వదలవే, చెమట! ఆసుపత్రిలో నోరు మూసుకుని అందరి చాకిరీ చేయకు. విన్నావుగా."

సోమవారం బస్సెక్కిన రత్తికాన్ ఒళ్ళో వేడి బజ్జీల పొట్లం ఉంది. బండి దగ్గర ఎవరో సినిమా ఎలా ఉందని అడిగితే పెద్దమ్మ బజ్జీ తిరగేస్తూ చెప్పింది.

"బహుమతి ఇవ్వొచ్చు. మాటలు మాత్రం నన్నడగాల్సింది."