కమ్మీకి కరగని పడవ

కష్టజీవికి ఈర్ష్య ఉండదనేవాళ్లు జాలారిపేట ఎల్లారావుని చూడలేదు. పగిలిన ప్లాస్టిక్ చేపల తొట్టెను కాల్చిన కమ్మీతో కరిగించి అతికించడంలో ఒడ్డున అతనికి పోటీ లేదు. ఫైబర్ పడవలొచ్చాక మాత్రం జనం, వాటి మరమ్మతులో కోర్సు చేసొచ్చిన అతని మరదలు రాధ గుమ్మమే తొక్కుతున్నారు.

పొరుగింటి మసేను ఫైబర్ పడవ బీటవారింది. రాధ వచ్చేలోపే పేరు కొట్టేద్దామని ఎల్లారావు కమ్మీ కాల్చి బీటకు ఆనించాడు. అది కరగలేదు, నల్లగా మాడింది.

"ఏటి బావా, పడవకి వాతెట్టినావా?" అంది రాధ వస్తూనే.

"తొట్టి కరుగుతాది కదా. ఇదీ పలాస్టిక్కే."

"తొట్టిలో కంటికానని గొలుసులు దేనికదే ఉంటాయి, సెగ తగిల్తే జారతాయి. ఇందులో ఒకదానికొకటి ముడులడిపోనాయి, నీ వలలాగ. ముడేసిన వల జారతాదేటి? రెజిన్ జిగురు కలిపి కొత్త ముడులెయ్యాల."

వలల మీద బతికినవాడికి ఆ మాట ఇట్టే అర్థమైంది. అందుకే మరీ మండింది. మసేను రెజిన్ డబ్బా రాధకే ఇచ్చాడు. ఆమె గరుకు కాగితం ఎల్లారావు చేతిలో పెట్టి మాడింది గీకమంది. అతను గీకుతూనే, ఆమె గట్టిపడే మందు ఎంత కలుపుతోందో ఓరకంట చూస్తున్నాడు.