నర్సింలు తన కోసం కొనుక్కున్న కంప్యూటర్

సోమవారం, వికారాబాద్.

నిన్న తెల్లవారుజామున ఫోన్ మోగింది. తాండూరు నుంచి మా మరదలు అనసూయ.

"వదినె, మీ తమ్ముడు లేస్తలేడు."

అంతే అంది. నాకు అర్థమైంది. అయినా గట్టిగా పిలిచి చూడమన్నాను. పిలిచానని చెప్పింది.

మా నర్సింలు పోయాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు.

నేను పోస్టులు రాసే మనిషిని కాను. ఇవాళ రాయడానికి కారణం ఉంది. నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి ఇంటికి రాగానే ఒకరు, వాడి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డ్ అమ్మితే ఎంతొస్తుందని నా మనవరాలు మేఘనను అడిగారు. తర్వాత ఫ్యామిలీ గ్రూపులో మరొకరు, ఆటల కంప్యూటర్‌కు పెట్టిన పైసలు వైద్యానికి పెట్టి ఉంటే మనిషి దక్కేవాడని రాశారు.

అది అబద్ధం. ఆక్సిజన్ మిషన్ ముందు కొన్నాం. మందులు ఏ నెలా ఆగలేదు. రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులను కడిగే మందు లేదని డాక్టర్ మా ముందే చెప్పారు. ఆ తర్వాత మిగిలిన చిట్టీ డబ్బు నలభై వేలు. అది వాడిది.

నర్సింలు జీవితమంతా నాపరాయి పాలిష్ మిషన్ మీద పనిచేశాడు. వాడు నున్నగా చేసిన రాయి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయేది. వాడు మాత్రం తాండూరు దాటింది తక్కువ. మంచాన పడ్డాక, మేఘన ఫోన్‌లో లారీ నడిపే గేమ్ వీడియో చూపించింది. వాడు దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు.

"గిది నాకు గావాలె అక్కా. రాయి యాడికి పోతదో జర జూస్త."

నేను లెక్కల టీచర్‌గా రిటైరైన దాన్ని. ఏ పార్ట్ ఎందుకో తెలియకుండా రూపాయి ఇవ్వనన్నాను. ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై, ఒక్కొక్కటీ మేఘన చేత చెప్పించుకున్నాకే తాండూరు షాపుకు వెళ్ళాం. చిన్న ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని వాడూ వచ్చాడు. ఆటోలో వద్దంటే వినలేదు.

షాపతను నన్ను చూసి, "మనుమనికా మేడం?" అన్నాడు.

"నాకే" అన్నాడు నర్సింలు.

షాపతను మొదట నవ్వాడు. తర్వాత వాడి ముక్కుకున్న ట్యూబ్ చూసి కుర్చీ వేశాడు.

స్పీకర్లు వద్దన్నాడు తమ్ముడు. మిషన్ సప్పుడు జన్మకు సరిపోయేంత విన్నాడట. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్టీరింగ్ అడిగాడు. మేఘనకు అద్దం తలుపు, రంగు లైట్లు ఉన్న క్యాబినెట్ నచ్చింది.

అప్పుడు వాడు టేబుల్ మీద రిపేరుకు విప్పి పెట్టిన ఒక కంప్యూటర్ చూశాడు. ఫ్యాన్ రెక్కల మీద తెల్లటి పొడి సిమెంట్‌లా గడ్డకట్టి ఉంది. వేలితో గీకి చూశాడు.

"గిది మా రాయిదే."

పాలిష్ యూనిట్ల వైపు నుంచి వచ్చేవన్నీ ఇట్లాగే వస్తాయనీ, గాలి లోపలికి పోయే చోట ఫిల్టర్ లేకపోతే రెండేళ్ళు కూడా ఉండవనీ షాపతను చెప్పాడు.

నర్సింలు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఫిల్టరున్న డబ్బానే తీస్కో అక్కా. మాకెవ్వడు పెట్టలే. దీనికన్న పెడుదం."

షాపతను ఫిల్టరున్న క్యాబినెట్ తెచ్చి ముందు పెట్టాడు.

ఆ క్యాబినెట్‌కు ధర ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డ్ ఒక మెట్టు తగ్గించాల్సి వచ్చింది. గేమింగ్ అంటే కార్డే ముఖ్యమని మేఘన గొడవ పడింది. "బొమ్మ జర మసకున్నా రోడ్డు కనవడ్తది తియ్" అన్నాడు వాడు. లెక్క నలభై వేల లోపే ముగిసింది.

నడిపింది వారం కూడా కాదు.

కానీ ఎట్లా నడిపాడో మీలో ఎవరూ చూడలేదు. ముక్కుకు ట్యూబ్, చేతుల్లో స్టీరింగ్. ప్రతి మలుపుకూ ఇండికేటర్. ఖాళీ రోడ్డు మీద కూడా నెమ్మదిగానే. స్పీడ్ పెంచు తాతా అని మేఘన ఎగతాళి చేస్తే, "లోడున్నది బిడ్డ. రాళ్ళు పగుల్తయ్" అన్నాడు.

శుక్రవారం ఒక ఓడరేవు దాకా వెళ్ళాడు. స్క్రీన్ మీద సముద్రం కనిపించింది. లారీ పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, చాలాసేపు ఊరికే చూశాడు. శనివారం మంచం దిగలేకపోయాడు.

మీరు దండగన్నది దీన్నే.

ఇక జరగాల్సినవి:

1. పదో రోజు కార్యం తాండూరు ఇంట్లోనే. వచ్చేవాళ్ళు అనసూయ ముందు కంప్యూటర్ ధర మాట ఎత్తకూడదు.

2. కంప్యూటర్ అమ్మం. అది అనసూయది. నర్సింలుతో పనిచేసి ఇప్పుడు దగ్గుతో ఇంట్లో కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నం పూట వచ్చి నడుపుకోవచ్చని ఆమే అంది. మేఘన నేర్పుతుంది.

3. ఇంకా పాలిష్ మిషన్ల మీద ఉన్న మనవాళ్ళందరూ ఈ వారమే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. గురువారం తాండూరులో ఉంటాను, దవాఖానకు నేనే వెంట వస్తాను. మూతికి టవల్ కట్టుకుంటున్నాం కదా అనకండి. నర్సింలు కూడా టవలే కట్టుకున్నాడు.

4. తమ్మీ, పడుకుంటే దమ్ము ఆడదని ఏడాదిగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయావు. ఇక కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడుకో. నీకు శాంతి కలగాలి.