పత్తి కింద పాటలు

ప్రసవమైన మరునాడు, ఆస్పత్రి వార్డులో పక్క మంచం వాళ్ల ఫోను మోగింది. రింగ్‌టోనుగా పెట్టుకున్నది ఒక పాత సినిమా పాట మొదట్లో వచ్చే వేణువు ముక్క. చిన్నప్పటి నుంచి వింటున్నదే. నిద్రలో లేపి అడిగినా సినిమా పేరే కాదు, ఆ పాటలో హీరోయిన్ కట్టుకున్న చీర రంగు కూడా చెప్పగలిగేదాన్ని. ఆ రోజు ఏమీ గుర్తు రాలేదు. వాళ్లు ఫోను ఎత్తారు, మాట్లాడారు, పెట్టేశారు. నేను పాపను ఒళ్లో పెట్టుకుని ఆ పేరు కోసం తలంతా వెతుక్కుంటూ కూర్చున్నాను.

“బాలింత గదా బిడ్డా, మతి జర ఇటటు అయితది. నిన్ను కన్నంక నేను పొయ్యి మీద పాలు పెట్టి పక్కింట్లకు పోయి కూసున్న,” అంది అవ్వ.

ఓదార్చడానికే అంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. చదువులో నేను అంతంత మాత్రం, వంటలో అంత మాత్రం కూడా కాదు. పల్లవి మొదలవకముందే ఇది ఫలానా సినిమాలోదని చెప్పడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ విద్యలో కరీంనగర్‌లో నాకు కాస్త పేరుంది. కాస్త అంటే, ఒక మొబైల్ షాపులో.

పెళ్లయి కరీంనగర్ వచ్చిన కొత్తలో ఫోను అద్దం పగిలితే ఆ షాపుకు వెళ్లాను. అక్కడ స్పీకరులో ఏదో పాట మొదలైంది. షాపతను, నాకంటే చిన్నవాడు, సినిమా పేరు తప్పు చెప్పాడు. నేను దిద్దాను. అతను వాదించాడు. అద్దం వేయడం అయిపోయినా వాదన అవలేదు. అప్పటి నుంచి నేను అక్కను, అతను తమ్ముడు. ఊళ్లో పాటల అభిమానులు ఏడాదికోసారి పెట్టే సినిమా పాటల పోటీలో మేమిద్దరం ఒక జట్టు. ఇప్పటిదాకా గెలవలేదు. గెలిచినవాళ్లకు గట్టిగా చప్పట్లు మాత్రం కొట్టాం.

ఈసారి పోటీ సరిగ్గా నా పురిటి రోజుల చివర్లో పడింది. బెల్లంపల్లికి, అవ్వగారింటికి వచ్చాక తమ్ముడు ఫోను చేశాడు.

“ఫికర్ జేయకక్కా. నీకు కాకుంటే మా పెద్దమ్మ కొడుకును కూసోబెట్టుకుంట.”

“ఆయన పాటలు గుర్తు పడ్తడా?”

“పాడ్తడు. గదే పరేషాని.”

నేను వస్తానని మాటిచ్చాను. అవ్వను అడిగితే, “పానం మంచిగుంటే సూద్దాం,” అంది. మా ఇంట్లో సూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం నా ఆరోగ్యం చేతిలో ఉంది. అసలు గుర్తుపట్టగలనా లేదా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. సాధన చేయాలి. కానీ అవ్వ చట్టంలో బాలింతకు టీవీ లేదు, కండ్లు గుంజుతయి. ఫోను లేదు, అంతకన్నా గుంజుతయి. చన్నీళ్లు లేవు, పెరుగు లేదు, గాలి అసలే లేదు. పొద్దున్నే వేడినీళ్లతో స్నానం చేయించి, పొగ వేసి, చెవుల్లో పత్తి పెట్టి, పైనుంచి తువ్వాల గట్టిగా కట్టేది. చెవిలో గాలి పోతే ముసలితనంలో తెలుస్తుందట. మంచం కింద కుంపటి. బొగ్గు ఊరు కదా, నిప్పుకు కొదవ లేదు.

ఆ తువ్వాల చూశాకే నాకు ఆలోచన వచ్చింది. ఆదివారం మా ఆయన పాపను చూడడానికి వచ్చినప్పుడు, అతని చెవుల్లో పెట్టుకునే వైరు లేని ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకున్నాను. పత్తి తీసి దిండు కింద, ఇయర్‌ఫోన్లు చెవుల్లో, పైన తువ్వాల. ఫోను దుప్పట్లో. తమ్ముడు షాపులో గిరాకీ లేనప్పుడు పాటల మధ్య వచ్చే సంగీతపు ముక్కలు పంపేవాడు. ఒక్కో ముక్క తర్వాత కాసేపు నిశ్శబ్దం, తర్వాత “చెప్పక్కా” అని అతని గొంతు. నేను పాపకు పాలిస్తూ గాలిలోకి జవాబులు చెప్పుకునేదాన్ని. మొదట్లో పదింటికి రెండు. పాప కంటే నేనే ఎక్కువ ఏడ్చిన రోజులున్నాయి. మెల్లగా సగం దాకా వచ్చాను.

బాపు గని పనికి పోయేవాడు. ఊళ్లో బొగ్గు బావులు ఒక్కొక్కటే మూతపడ్డాక పక్క ఊరి బావికి వేశారు. ఒకరోజు మొదటి షిఫ్టు నుంచి మధ్యాహ్నం ఇల్లు చేరి, మనవరాలిని చూద్దామని నా గది తలుపు దగ్గరికి వచ్చాడు. లోపల నిద్రపోతున్న పాప పక్కన కూతురు ఒక్కతే ఉంది. గోడకేసి చూస్తూ నవ్వుతోంది.

“కాదు కాదు,” అంటున్నాను నేను. “ఆమె చచ్చిపోయింది గదా. చచ్చినంక మళ్ల వచ్చింది. తెల్ల చీర కట్టుకొని.”

భూమి అడుగున అంతకాలం పని చేసిన మనిషి చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడట. వంటింట్లో అవ్వ చేతిలోని గరిటె లాక్కుని కింద పెట్టి మరీ చెప్పాడట. “పోరి ఒక్కతే మాట్లాడుతాంది. ఎవరో చచ్చినామె వచ్చిందంటాంది.”

అవ్వ చిన్నప్పుడు వాళ్ల వాడలో ఒక బాలింతకు సన్ని కొట్టి, మతి తప్పి, మనుషుల్ని గుర్తుపట్టకుండా పోయిందట. ఆ సాయంత్రం నుంచి నన్ను ఒంటరిగా వదల్లేదు. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి, “నేనెవరిని బిడ్డా?” అని అడిగేది. నేను విసుక్కుంటే, అదిగో విసుక్కుంటాంది అని బాపు వైపు చూసేది. పోటీ మాటెత్తితే, “గీ పానంతోనా? ఇంటి కడప దాటద్దు,” అంది. సగం ఒప్పుకోలు కూడా పోయింది. బాపు విన్నది తమ్ముడికి జవాబుగా నేను చెప్పుకున్న దయ్యం సినిమా కథ అని నాకు అర్థమైంది గానీ, నిజం చెబితే ఇయర్‌ఫోన్లు పోతాయి, చెప్పకపోతే పోటీ పోతుంది. ఏది తక్కువ నష్టమో తేల్చుకునేలోపే అవ్వ పక్క క్వార్టరు నుంచి ఖాలాను పిలుచుకొచ్చింది.

ఖాలా మా వాడలో పిల్లలకు జ్వరమొచ్చినా, గేదె పాలివ్వకపోయినా దువా చదివి ఊదే పెద్దామె. నా మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ చాలాసేపు చదివింది. ఊదడానికి చెవి కావాలి కదా. నేను వద్దు వద్దంటుండగానే తువ్వాల ముడి విప్పింది. వంగి, ఊపిరి పీల్చి, ఆగిపోయింది. రెండు వేళ్లతో నా చెవిలోంచి తెల్లటి వస్తువును తీసింది. సరిగ్గా అప్పుడే దాంట్లోంచి సన్నగా వినిపించింది: “చెప్పక్కా.”

బాపు గుమ్మం పట్టుకున్నాడు. ఖాలా దాన్ని తన చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, అవ్వ చేతిలో పెట్టింది.

“నీ బిడ్డకు సోకిన గాలి గిదేనమ్మా. దీనికి దువా పని చెయ్యది. ఛార్జింగు పెట్టాలె.”

అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పాప పెద్దయ్యాక చదువుతుంది. పత్తి తీసినందుకే ఎక్కువ తిట్టింది. బాపు మాత్రం కుర్చీలో కూలబడి నవ్వాడు. “సన్ని కన్న సినిమా నయం గాదే? పోనీయ్,” అన్నాడు. చివరికి అవ్వ తనూ వస్తానంది. ఒకే షరతు, తువ్వాల విప్పకూడదు.

అలా మండే ఎండాకాలంలో, కరీంనగర్ ఫంక్షన్ హాలులో అందరూ కాగితాలతో విసురుకుంటుంటే, నేను చెవులకు తువ్వాల కట్టుకుని పాటల పోటీలో కూర్చున్నాను. ప్రశ్నలు అడిగేవాయన నన్ను చూసి మైకు దించాడు.

“మేడం, మీకు వినిపిస్తుందా?”

“అక్కకు గుడ్డలకెళ్లి గూడ వినిపిస్తది సార్. మీరు పాట పెట్టుండ్రి,” అన్నాడు తమ్ముడు.

వినిపించింది, గుర్తు రాలేదు. మొదటి నాలుగైదు ముక్కలు పక్క జట్లు ఎత్తుకుపోయాయి. తమ్ముడు నా వైపు చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నాడు. పెద్దమ్మ కొడుకు ముందు వరుసలో కూర్చుని ప్రతి పాటలో మిగతాది పాడుతున్నాడు. తర్వాత ఒక వీణ ముక్క వచ్చింది. నా చెయ్యి బెల్లు కొట్టాకే నోట్లోంచి పేరు వచ్చింది. కరెక్టు. ఆ తర్వాతదీ కరెక్టు. తమ్ముడు రెండు చెప్పాడు. ఎప్పుడూ చప్పట్లు కొట్టే మేము చివరి ప్రశ్నకు ఇంకో జట్టుతో సమానంగా వచ్చి నిలబడ్డాం.

అప్పుడు స్టేజీ పక్క నుంచి అవ్వ చెయ్యి కనిపించింది, నోటి దగ్గర పెట్టి చూపిస్తోంది. పాప ఏడుపు వినకముందే నా జాకెట్టుకు తెలిసిపోయింది. కొంగు కప్పుకుని లేచాను.

“పో అక్కా, నేనున్న,” అన్నాడు తమ్ముడు.

స్టేజీ వెనక గదిలో వంట గిన్నెలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు. అవ్వ ఒకటి లాగి వేసింది. పాప పాలు తాగసాగింది. మూసిన తలుపు సందులోంచి చివరి ముక్క వచ్చింది, వయొలిన్‌ది, చాలా చిన్నది.

“అవ్వా, ఇది ఫలానాది,” అని సినిమా పేరు, పాట పేరు చెప్పాను. అంత తేలిగ్గా ఏ జవాబూ ఎప్పుడూ రాలేదు. అవ్వ నా ముఖం చూసింది. బయట మైకులో తమ్ముడి గొంతు, బోలెడు ధీమాతో, అదే హీరోది ఇంకో సినిమా పేరు చెప్పింది. పక్క జట్టు నేను చెప్పిన పేరే చెప్పింది. తర్వాత చప్పట్లు, మాకు కాదు.

పాప భుజం మీద త్రేన్చేదాకా ఆగి బయటికి వచ్చాం. తమ్ముడు స్టేజీ మెట్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ కొడుకు అప్పటికే అసలు పాట అందుకున్నాడు.

“అక్కా,” అన్నాడు తమ్ముడు, “నీకు తెలుస్తుండెనా అది?”

ఇన్ని వారాలు నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. అతని ముఖం చూశాను.

“లేదు తమ్మీ. నాకూ యాదికి రాలే.”

అతను తలెత్తి, నమ్మాలా వద్దా అన్నట్టు అవ్వ వైపు తిరిగాడు. అవ్వ పాప టోపీ సవరిస్తూ తల కూడా ఎత్తలేదు.

“బాలింత గదా బిడ్డా, దానికేం యాదుంటది?” అంది.